కిస్‌మిస్ తింటే మతిమరుపు పోతుందా?

తొమ్మిదో తరగతి వాళ్ళకు ద్రవాభిసరణం పాఠం చెప్పేటప్పుడు నేను ఏటా చేయించే ప్రయోగం ఒకటుంది. మీలో చాలామంది చేసే ఉంటారు. ముడతలు పడిన కిస్‌మిస్ పళ్ళను మంచినీళ్ళలో వేస్తాం. కొన్ని గంటలకు అవి నీళ్ళు పీల్చుకుని గుండ్రంగా ఉబ్బుతాయి. వాటినే తీసి చిక్కటి చక్కెర పాకంలో వేస్తే మళ్ళీ ముడుచుకుపోతాయి. కణత్వచం గుండా నీరు అటూ ఇటూ ప్రయాణం చేస్తుందని కళ్ళారా చూపించటానికి ఇంతకంటె తేలిక ప్రయోగం లేదు.

కిందటేడు ప్రయోగం అయిపోయాక బీకరులోని నీళ్ళు పారబోయబోతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు పరుగున వచ్చాడు.

"పారబోయకండి మాస్టారూ! ఆ నీళ్ళూ, ఆ పళ్ళూ నాకివ్వండి. మా నాన్నమ్మకు పట్టుకెళ్తాను."

"ప్రయోగశాల బీకరులోవి తినకూడదురా. అయినా ఎందుకు?"

"నానబెట్టిన కిస్‌మిస్, బాదంపప్పు రోజూ పెడితే మతిమరుపు పోతుందని మా అత్త చెప్పింది. ఫోనులో కూడా చూశాం. మెదడులో వాపు తగ్గిపోతుందట."

వాళ్ళ నాన్నమ్మకు అల్జీమర్స్ వ్యాధి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవటంతో మొదలయిందట. ఇప్పుడు అన్నం తిన్న సంగతి కూడా గుర్తుండదు. మనవణ్ణి చనిపోయిన తాతగారి పేరుతో పిలుస్తుంది. రాత్రివేళ లేచి "మా ఇంటికి పోతాను" అంటూ తలుపు తీస్తుంది.

"రేపు చెబుతాను" అన్నాను వాడితో. మర్నాటికి జవాబు దొరకలేదు. నాలుగు వారాలు చదవవలసి వచ్చింది. వాడికి చెప్పిన సంగతులే ఇప్పుడు మీకూ చెబుతాను.

చూడండి, వాడి మాటలో మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి: మెదడుకు వాపు రావటం నిజమేనా? రెండు: ఎండు పళ్ళు ఆ వాపును తగ్గిస్తాయా? మూడు: వాపు తగ్గితే జ్ఞాపకం నిలుస్తుందా? మూడింటికీ ఒకే జవాబు ఉంటుందని అనుకోకండి. ఒక్కొక్కటే చూద్దాం.

ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో

1901 నవంబరులో జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక మానసిక వైద్యశాలకు ఆగస్టె డెటర్ అనే ఆమెను తీసుకువచ్చారు. ఆమె వయస్సు 51 సంవత్సరాలు. అక్కడ పనిచేసే డాక్టరు అలోయిస్ అల్జీమర్ ఆమెను శ్రద్ధగా పరీక్షించాడు. ఏదయినా వస్తువు చూపిస్తే దాని పేరు చెప్పేది. కాసేపటి తర్వాత ఏమేం చూపించారని అడిగితే గుర్తులేదు. భర్త పేరేమిటని అడిగితే తన పేరే చెప్పింది. ముసలితనంలో మతిమరుపు రావటం డాక్టర్లకు కొత్త కాదు. కాని యాభై ఒక్క ఏళ్ళకే ఇంతగా రావటం ఆయనకు వింతగా తోచింది.

1906లో ఆమె చనిపోయింది. అప్పటికి మ్యూనిక్‌లో పనిచేస్తున్న అల్జీమర్ ఆమె మెదడును తెప్పించుకుని, పలచటి పొరలుగా కోసి, వెండి లవణాలతో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూశాడు. రెండు విచిత్రాలు కనబడ్డాయి. నాడీకణాల మధ్య ఏదో పదార్థం మచ్చలు మచ్చలుగా పేరుకుని ఉంది. నాడీకణాల లోపల దారపు చిక్కుల వంటి పోగులున్నాయి. ఆ ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్ పట్టణంలో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతి చెప్పాడు. 1910లో ఆయన పెద్ద క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు.

కణాల మధ్య పేరుకునే మచ్చలు ఆమిలాయిడ్ బీటా అనే ప్రొటీను ముక్కలతో తయారవుతాయనీ, లోపలి చిక్కులు టౌ అనే మరో ప్రొటీనువనీ 1980 తర్వాతి సంవత్సరాల్లో తేలింది.

అల్జీమర్ మరో సంగతి కూడా రాసి పెట్టుకున్నాడు. నాడీకణాల చుట్టూ ఉండే గ్లియా కణాలు కూడా మారిపోయి ఉన్నాయి. గ్లియా అంటే గ్రీకు భాషలో జిగురు. నాడీకణాలను అంటించి ఉంచే బంక అన్న ఉద్దేశంతో ఆ పేరు పెట్టారు. ఆ రోజుల్లో వాటిని పట్టించుకున్నవారు తక్కువ. మన కథ మాత్రం వాటి దగ్గరే ఉంది.

మెదడుకు కావలివాళ్ళు

కాలిలో ముల్లు విరిగిందనుకోండి. కాసేపటికి అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ సుమారు 2000 సంవత్సరాల కిందటే సెల్సస్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. దీన్నే వైద్యులు శోథ అంటారు. మనం వాపు అంటాం. ఇది జబ్బు కాదు. శరీరం చేసుకునే రక్షణ ఏర్పాటు. అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్లకణాలు బయటికి వస్తాయి, క్రిములను మింగుతాయి, పాడయిన కణాలను ఊడ్చేస్తాయి. పని పూర్తికాగానే వాపు తగ్గిపోతుంది. తగ్గకుండా నెలల తరబడి ఉండిపోతేనే చిక్కు.

మెదడులో ఈ పని చేసేది తెల్లకణాలు కాదు. 1919లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు పియో దెల్ రియో ఓర్తెగా గ్లియా కణాల్లో ఒక చిన్న రకాన్ని వేరు చేసి వాటికి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. ఊళ్ళో కావలి తిరిగేవాడూ, చెత్త ఎత్తేవాడూ ఒక్కడే అయితే ఎలా ఉంటుందో మైక్రోగ్లియా అలాంటివి. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటి మధ్య ఈ కణాలు సన్నటి చేతులు చాచుకుని కూర్చుంటాయి. ఏ పనీ లేనప్పుడు నిద్రపోతుంటాయని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికి ఉన్న ఎలుకల మెదడును ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో చూసినప్పుడు అవి క్షణం ఊరుకోవని తెలిసింది. చేతులు చాస్తూ ముడుస్తూ చుట్టుపక్కల అంతా తడిమి చూస్తూనే ఉంటాయి.

ఆమిలాయిడ్ మచ్చ కనబడగానే మైక్రోగ్లియా దాని చుట్టూ మూగుతాయి. మింగి శుభ్రం చేయటానికి ప్రయత్నిస్తాయి. సైటోకైన్లు అనే రసాయనాలను విడుదల చేసి సాటి కణాలను పిలుస్తాయి. చెత్త కొద్దిగా ఉంటే పని తెమిలిపోతుంది. కాని అల్జీమర్స్ వ్యాధిలో చెత్త ఏళ్ళ తరబడి వచ్చి పడుతూనే ఉంటుంది. అప్పుడు పెంటకుప్పకు పెట్టిన నిప్పు పక్క గుడిసెకు అంటుకున్నట్లవుతుంది. ఎడతెగకుండా వచ్చే ఆ రసాయనాలు పక్కనున్న మంచి నాడీకణాలను కూడా దెబ్బతీస్తాయి. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే అతుకులు తెగిపోతాయి. జ్ఞాపకం ఉండేది ఆ అతుకుల్లోనే.

ఈ వాపు పైకి కనబడదు. నొప్పి కూడా ఉండదు. మెదడు పదార్థంలో నొప్పిని తెలిపే నాడులు లేవు.

అయితే కావలివాణ్ణి పూర్తిగా నిద్రపుచ్చినా ప్రమాదమే. ట్రెమ్2 అనే జన్యువు మైక్రోగ్లియా చురుకుగా పనిచేయటానికి అవసరం. దానిలో ఒక అరుదైన లోపం ఉన్నవారికి అల్జీమర్స్ వచ్చే అవకాశం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని 2013లో తేలింది. కావలివాడు ఉండాలి, కాని ఊరిని తగలబెట్టకూడదన్నమాట.

మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. మెదడులో వాపు నిజమే.

మాత్రలు చెప్పిన పాఠం

వాపు ఉందన్నాక దాన్ని తగ్గించే మాత్రలు వేస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. శాస్త్రజ్ఞులకూ అలాగే తోచింది.

కెనడాలోని వాంకూవర్ నగరంలో పాట్రిక్ మెక్‌గీర్, ఎడిత్ మెక్‌గీర్ అనే దంపతులు ఈ వాపును గురించి 1980 తర్వాతి సంవత్సరాల్లో పరిశోధించారు. కీళ్ళవాపు జబ్బున్నవారిలో అల్జీమర్స్ తక్కువగా ఉన్నట్లు వారికి కనబడింది. కీళ్ళవాపు రోగులు ఏళ్ళ తరబడి వాపు తగ్గించే మాత్రలు వాడతారు. ఆ మాత్రలే మెదడును కూడా కాపాడుతున్నాయేమో! ఎంత అందమైన ఊహ చూడండి.

ఊహను పరీక్షించాలి. అమెరికాలో 70 ఏళ్ళు దాటినవారిని సుమారు 2,500 మందిని తీసుకున్నారు. కొందరికి వాపు తగ్గించే మాత్రలు, కొందరికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో వారికి తెలియదు. గుండెకు హాని కలుగుతుందేమోనన్న అనుమానంతో 2004 చివర మాత్రలు ఆపేశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆ మాత్రలు జబ్బు రాకుండా ఆపినట్లు కనబడలేదు.

ఊహ అందంగా ఉండటం వేరు, పరీక్షలో నిలవటం వేరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఎండు పళ్ళ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఎండు పండులో ఏముంది?

కొట్లో డ్రైఫ్రూట్స్ అని అడిగితే అన్నీ కలిపి పొట్లం కడతారు. నిజానికి అందులో రెండు జాతులున్నాయి. కిస్‌మిస్, ఖర్జూరం, అంజూర ఇవి ఎండబెట్టిన పళ్ళు. బాదం, జీడిపప్పు, పిస్తా, అక్రోటు ఇవి గింజలు, పప్పులు. రెండింటి గుణాలూ వేరు.

ముందు పళ్ళ సంగతి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. తాజా ద్రాక్షలో నూటికి 80 వంతులు నీరు. అంటే 100 గ్రాముల పళ్ళలో నీరు కానిది 20 గ్రాములు. కిస్‌మిస్‌లో నీరు నూటికి 15 వంతులే, తక్కిన 85 వంతులూ ఆ సరుకే. అలాంటప్పుడు 100 గ్రాముల ద్రాక్ష ఎండితే ఎన్ని గ్రాముల కిస్‌మిస్ వస్తుంది? 20ని 85తో భాగించి 100తో హెచ్చించండి. ఇరవై మూడున్నర గ్రాములు. నాలుగు కిలోల పళ్ళు ఎండితే ఒక కిలో లోపే వస్తుందన్నమాట.

నీరు పోయింది గనక తక్కినవన్నీ చిక్కబడతాయి. పీచు, పొటాషియం, ఇనుము, తొక్కలో ఉండే పాలీఫినాల్ పదార్థాలు నిలుస్తాయి. సి విటమిన్ చాలావరకు పోతుంది. చక్కెర కూడా చిక్కబడుతుంది. 100 గ్రాముల కిస్‌మిస్‌లో సుమారు 65 గ్రాములు చక్కెరే. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే సుమారు నాలుగు చెంచాల చక్కెర తిన్నట్లు. పీచుతో కలిసి ఉంటుంది కాబట్టి మిఠాయి కంటె మేలు. కాని మధుమేహం ఉన్నవారు ఈ లెక్క మరిచిపోకూడదు.

పప్పుల్లో చక్కెర తక్కువ, నూనె ఎక్కువ. అక్రోటులో 100 గ్రాములకు 65 గ్రాముల దాకా నూనే. అందులో ఒమేగా-3 జాతి కొవ్వు ఆమ్లం కూడా ఉంది. అక్రోటు పగలగొడితే మెదడు ఆకారంలో ఉంటుంది కాబట్టి తలకు మంచిదని పూర్వం యూరప్‌లో నమ్మేవారు. ఇప్పటికీ నమ్మేవారున్నారు. ఆ లెక్కన రాజ్మా గింజలు తింటే మూత్రపిండాల జబ్బులన్నీ పోవాలి! ఆకారం చూసి గుణం చెప్పలేం.

పొట్టలోంచి మెదడుకు దారి

పొట్టలో పడిన కిస్‌మిస్‌కూ తలలో ఉన్న మైక్రోగ్లియాకూ సంబంధం ఏమిటి? ఉంది. ముఖ్యమైన దారులు మూడు.

మొదటిది రక్తనాళాలు. మెదడు బరువు శరీరంలో నూటికి రెండు వంతులే అయినా మనం ఖర్చుచేసే శక్తిలో అయిదో వంతు దానికే కావాలి. ఆ శక్తి అంతా సన్నటి రక్తనాళాల ద్వారానే అందాలి. రక్తపోటు, మధుమేహం, చెడ్డ కొలెస్టరాల్ ఆ నాళాలను పాడుచేస్తాయి. మనం ఏం తింటామన్నది ఈ మూడింటిమీదా ప్రభావం చూపుతుంది.

రెండోది పొట్టచుట్టూ పేరుకునే కొవ్వు. అది ఊరికే పడి ఉండదు. వాపు కలిగించే సైటోకైన్లను రక్తంలోకి వదులుతుంది.

మూడోది పేగులలోని బాక్టీరియా. మనం తిన్న పీచును మనం అరిగించుకోలేం. పేగులలోని బాక్టీరియా దాన్ని తిని చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ శాస్త్రజ్ఞులు ఒక చిత్రం చూశారు. పేగులలో బాక్టీరియా ఏమీ లేకుండా పెంచిన ఎలుకల మెదడులో మైక్రోగ్లియా సరిగా ఎదగలేదు. పై కొవ్వు ఆమ్లాలను నీళ్ళలో కలిపి తాగిస్తే చాలావరకు బాగుపడ్డాయి. పీచు ఉన్న తిండి అంటే ఆకుకూరలు, పప్పులు, ముడి ధాన్యాలు, పళ్ళు. కిస్‌మిస్, అంజూర కూడా అందులోవే.

కనక దారి ఉంది. ఆ దారిన మందు చేరుతుందా అన్నది పరీక్షించి తెలుసుకోవాలి.

ఒమన్ ఎలుకలు

ఖర్జూరం పండే ఒమన్ దేశంలో సుల్తాన్ కబూస్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇలాంటి పరీక్షే చేసి 2015లో ప్రకటించారు. మామూలుగా ఎలుకలకు అల్జీమర్స్ రాదు. అందుకని మనిషి జన్యువు ఒకటి ఎక్కించి, వయసు ముదిరేకొద్దీ మెదడులో ఆమిలాయిడ్ పేరుకునే ఎలుకలను వాడారు. వాటి మేతలో నూటికి నాలుగు వంతులు ఖర్జూరం గాని, అంజూర గాని, దానిమ్మ గాని కలిపి 15 నెలలు పెట్టారు. కొన్నిటికి ఏ పండూ కలపని మేత పెట్టారు. పళ్ళు తిన్న ఎలుకలలో వాపు రసాయనాలు తగ్గాయి. ఆమిలాయిడ్ మచ్చలు ఆలస్యంగా ఏర్పడ్డాయి.

చాలా మంచి ఫలితం. మా కుర్రాడు ఫోనులో చూసింది ఇలాంటి పరిశోధన గురించే అయివుంటుంది. కాని మూడు సంగతులు గమనించండి. ఎలుక సుమారు రెండేళ్ళు బతుకుతుంది. 15 నెలలంటే దాని జీవితంలో సగానికి పైగా. మేతలో మొదటినుంచీ ఆ పండు తప్ప మరే తేడా లేదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ ఎలుకకు జబ్బు మనం తెచ్చిపెట్టింది. మనిషికి ఆ జబ్బు డెబ్బయి ఏళ్ళ బతుకులో అనేక కారణాలు కలిసి వస్తుంది. ఎలుకల్లో పనిచేసి మనిషిలో పనిచేయని మందులు చాలా ఉన్నాయి.

మనుషులను పరీక్షిస్తే?

మనుషులను రెండు విధాలుగా పరీక్షించవచ్చు. ఒకటి, ఎవరేం తింటున్నారో రాసుకుని, ఎవరికి జబ్బు వస్తుందో ఏళ్ళ తరబడి కనిపెట్టి చూడటం. 2015లో చికాగో నగరంలోని రష్ విశ్వవిద్యాలయంలో మార్తా క్లేర్ మారిస్ బృందం 923 మంది వృద్ధులను సగటున నాలుగున్నర ఏళ్ళు ఇలా గమనించింది. ఆకుకూరలు, చిక్కుడు జాతి గింజలు, పప్పులు, ముడి ధాన్యాలు ఎక్కువగా తిని, వెన్న, మిఠాయిలు, వేపుళ్ళు తగ్గించినవారిలో అల్జీమర్స్ నూటికి 53 వంతులు తక్కువగా వచ్చింది. ఈ భోజన పద్ధతికి మైండ్ డైట్ అని పేరు.

అయితే ఇక్కడొక చిక్కుంది. మన ఊళ్ళో కారున్న ఇళ్ళ పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తున్నాయనుకోండి. మీ నాన్నగారిని కారు కొనమంటారా? కారున్న ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులుంటారు, ట్యూషన్లుంటాయి, చదువుకోవటానికి విడిగా గది ఉంటుంది. మార్కులు వాటివల్ల. అలాగే రోజూ మంచి భోజనం చేసేవారు వ్యాయామం కూడా చేస్తారేమో, పొగ తాగరేమో, డాక్టరు దగ్గరికి వేళకు వెళ్తారేమో!

అందుకే రెండో విధం పరీక్ష కావాలి. చీట్లు వేసి మనుషులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఆ ఆహారం ఇచ్చి చూడాలి. మైండ్ డైట్‌ను 604 మందితో మూడేళ్ళపాటు అలా పరీక్షించారు. రెండో గుంపు తమ మామూలు భోజనాన్నే కొంచెం తగ్గించి తిన్నది. 2023లో వచ్చిన ఫలితం ఏమిటంటే, రెండు గుంపులవారూ పరీక్షల్లో కొంత మెరుగయ్యారు. ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

అక్రోటు సంగతి కూడా ఇలాగే చూశారు. స్పెయిన్‌లోని బార్సిలోనాలోనూ, అమెరికాలోని లోమా లిండాలోనూ 63 నుంచి 79 ఏళ్ళ వయసున్న 708 మంది ఆరోగ్యవంతులు రెండేళ్ళపాటు ఇందులో పాల్గొన్నారు. ఒక గుంపు రోజుకు 30 నుంచి 60 గ్రాముల అక్రోటు తిన్నది. మరో గుంపు తినలేదు. 2020లో ఫలితాలు వచ్చాయి. అక్రోటు తిన్నవారి రక్తంలో వాపును తెలిపే పది పదార్థాల్లో ఆరు తగ్గాయి. కాని జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో మొత్తంమీద రెండు గుంపులకూ తేడా కనబడలేదు. బార్సిలోనా వారిలో మాత్రం కొంచెం మేలు జరిగిన సూచన ఉంది. వారు మొదటినుంచీ ఎక్కువ పొగ తాగేవారు, పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చినవారు. వారికి మేలు జరగటానికి చోటు ఎక్కువ ఉండివుండవచ్చు.

ఇప్పుడు రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ జవాబులు చెప్పుకోవచ్చు. పప్పులు రక్తంలోని వాపు గుర్తులను కొంత తగ్గించగలవు. ఎండు పళ్ళు ఎలుకల మెదడులో వాపును తగ్గించాయి. కాని అంతమాత్రాన మనిషికి జ్ఞాపకం నిలుస్తుందని రుజువు కాలేదు. జబ్బు వచ్చాక పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే పండు గాని, పప్పు గాని లేవు. ఈమధ్య వచ్చిన, ఆమిలాయిడ్‌ను తొలగించే ఖరీదైన మందులు కూడా జబ్బును కొద్దిగా నెమ్మదింపజేస్తాయే గాని నయం చేయవు.

అయితే చేయగలిగింది లేదా?

ఉంది. ఒక్కొక్క వస్తువుతో కానిది కొన్ని కలిపితే కొంత అవుతోంది. ఫిన్లండ్ దేశంలో 60 నుంచి 77 ఏళ్ళ వయసున్న 1,260 మందితో రెండేళ్ళు ఒక పరీక్ష చేశారు. ఒక గుంపుకు మంచి భోజనం, వ్యాయామం, బుద్ధికి పదును పెట్టే అభ్యాసం, రక్తపోటు వగైరాల తనిఖీ, ఇవన్నీ కలిపి అమలు చేశారు. రెండో గుంపుకు మామూలు ఆరోగ్య సలహాలు మాత్రమే ఇచ్చారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మెదడు పరీక్షల్లో మొదటి గుంపు సాధించిన మెరుగుదల రెండో గుంపు కంటె నూటికి 25 వంతులు ఎక్కువ.

లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక జాబితా ప్రకటించింది. మతిమరుపు జబ్బులను తెచ్చిపెట్టే కారణాల్లో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయట. రక్తపోటు, మధుమేహం, చెడ్డ కొలెస్టరాల్, స్థూలకాయం, పొగ, మద్యం, వ్యాయామం లేకపోవటం, తలకు దెబ్బలు, వినికిడి తగ్గటం, చూపు తగ్గటం, మానసిక కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం, చిన్నప్పుడు చదువు లేకపోవటం. ఇవన్నీ తొలగించగలిగితే ప్రపంచంలో నూటికి 45 వంతుల దాకా ఈ జబ్బులు రాకుండా గాని, ఆలస్యంగా వచ్చేటట్టు గాని చేయవచ్చని వారి అంచనా.

ఆ జాబితాలో బాదంపప్పు లేదు. కాని మొదటి నాలుగూ మన కంచంతో సంబంధం ఉన్నవే. చిట్టచివరిది మీకు సంబంధించింది. చిన్నతనంలో చదువుకున్న మెదడు అతుకులు ఎక్కువ కూడబెట్టుకుని ముసలితనంలో దెబ్బలను ఎక్కువకాలం ఓర్చుకుంటుందని శాస్త్రజ్ఞుల భావన. 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇలాంటి మతిమరుపు జబ్బులున్నాయి. పట్టణాలకంటె పల్లెల్లో ఎక్కువ. మగవారికంటె ఆడవారిలో ఎక్కువ. చెల్లెల్ని బడి మానిపించి పనికి పంపుదామని ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి కూడా చెప్పండి.

మరొక హెచ్చరిక. మరిచిపోయేవారందరికీ అల్జీమర్స్ ఉండదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది. కనక ముందు చేయవలసింది డాక్టరుకు చూపించటం. జబ్బు ముదిరినవారికి మింగటం కష్టమవుతుంది. అలాంటివారికి బాదం, జీడిపప్పు వంటివి అలాగే పెడితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

కుర్రాడికి చెప్పిన జవాబు

ఇదంతా విని వాడు దిగాలుగా అడిగాడు. "అయితే బాదంపప్పు కొనటం దండగేనా మాస్టారూ?"

"తినటం దండగ కాదురా. అది మంచి తిండి. మందనుకోవటం పొరపాటు. మీ నాన్నమ్మకు రక్తపోటు ఉందా?"

"ఉంది. మాత్రలు అయిపోయి పది రోజులయింది. నాన్న కూలి డబ్బుతో ఈసారి పప్పులు తెచ్చాడు. జీతం వారం వచ్చాక మాత్రలు కొంటానన్నాడు."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. వాడి తండ్రి తాపీ పనిచేస్తాడు. తల్లి మీద ప్రేమతోనే ఒక రోజు కూలి పప్పుల కింద పెట్టాడు. ఏళ్ళ తరబడి వేలమందిమీద పరీక్షించిన మాత్ర పక్కకు పోయి, పరీక్షలో ఇంకా నెగ్గని పప్పు దాని స్థానంలోకి వచ్చింది. ఎలుకల ఫలితాన్ని మనుషుల ఫలితంగా చెప్పేవారు చేసే హాని ఇదే. వారు అబద్ధం చెప్పనక్కరలేదు. సగం చెబితే చాలు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి ఆయనతో మాట్లాడాను. మర్నాడు తల్లిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాడు. రక్తపోటు మాత్రలు అక్కడ ఉచితంగానే ఇచ్చారు. రక్తపరీక్షలకు కూడా రాశారు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆమెకు జబ్బు నయం కాలేదు. అలా అవుతుందని నేనూ చెప్పలేదు. రక్తపోటు మాత్రం అదుపులో ఉంది. ఆమె కొంగు చివర ఇంటి ఫోను నంబరు రాసిన గుడ్డముక్క కుట్టారు. రాత్రివేళ ఇల్లు దాటకుండా తలుపుకు పైన గడియ పెట్టారు. సాయంత్రం పూట వాడు ఆమెను చెరువుగట్టు దాకా నడిపించుకు వస్తాడు. ఉన్నరోజు నాలుగు కిస్‌మిస్ పళ్ళు చేతిలో పెడతాడు. మందని కాదు, ఆవిడకు ఇష్టమని.

ఇప్పటికీ ఆమె వాడిని తాతగారి పేరుతోనే పిలుస్తుంది. మొదట్లో "నేను కాదు నాన్నమ్మా" అని దిద్దేవాడు. ఇప్పుడు పలుకుతున్నాడు.